అంచులో రాసిన గాలి

“గొడుగూ, ఓ గొడుగమ్మా, ఎక్కడున్నావ్ తల్లీ? మూడో బల్ల మీద వాన మొదలైంది.”

కేక వేసింది అనువాదాలకి ముద్ర వేసే స్టాంపు మామయ్య. గొడుగు అని పిలిపించుకునే ఆ అమ్మాయి టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, తలుపు వెనక వేలాడే నల్ల గొడుగు తీసుకుని పరిగెత్తింది. మూడో బల్ల మీద ఎవరిదో పంటబీమా కట్ట విప్పి ఉంది. స్పానిష్‌లో పదకొండు పేజీలు. వాటికి జానెడు ఎత్తులో ఒక మబ్బు నిలబడి, చాలా తీరిగ్గా కురుస్తోంది.

“వరద కాగితాలని పైన రాసే ఉంది కదండీ. చూసుకుని విప్పొద్దా?”

“కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయానే.”

“రోజూ మర్చిపోతారు.”

“రోజూ ఇంటికెళ్తున్నాను కాబట్టి మర్చిపోతున్నాను. ఇక్కడే పడుకుంటే మర్చిపోను.”

తాళాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదుల ఆఫీసు అది. స్పానిష్‌లో ఉన్న కోర్టు కాగితాలూ, బీమా కాగితాలూ మెట్లెక్కి వస్తాయి, ఇంగ్లీషులోకి మారి మెట్లు దిగిపోతాయి. ఏ కాగితమైనా తనని రాసిన చోటునీ, రాసిన గంటనీ వెంట తెచ్చుకుంటుంది. మంచులో రాసిన వీలునామా విప్పితే వేళ్ళు కొంకర్లు పోతాయి. మధ్యాహ్నం ఎండలో రాసిన ఫిర్యాదు విప్పితే చొక్కా వీపుకి అంటుకుంటుంది. అచ్చు ఫారాలకి మాత్రం అచ్చాఫీసు ఉక్క తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే వచ్చిన కాగితాలు రాసుకునే రిజిస్టరులో తేదీ పక్కన, పేజీల సంఖ్య పక్కన ‘వాతావరణం’ అని ఒక గడి ఉంది. వడ్రంగి బల్లలకి చుట్టూ అంచు కట్టి, మూలన నీళ్ళు పోవడానికి చిల్లు పెట్టి వెళ్ళాడు. ఇందులో వింతేముంది, ఆ వృత్తే అంత.

ఉద్యోగంలో చేరిన వారం ఆ అమ్మాయి ఒక తుఫాను దావాని కాగితాల మీద గొడుగు పట్టుకుని పూర్తి చేసింది. తల పూర్తిగా తడిసినా ఒక్క మాట తడవలేదు. ఆ రోజు నుంచీ ఆమె పేరు గొడుగు. ఇంట్లో పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

సాయంత్రం తరగతుల్లో రెండేళ్ళు స్పానిష్ నేర్చుకున్నప్పుడు, ప్రేమలేఖలు అనువదించాలని కలలు కన్నదామె. దొరికినవి పాలసీలు. మొదట్లో ఏడుపొచ్చింది. తర్వాత ఒకరోజు గమనించింది. ప్రతి పాలసీలోనూ ‘బెనెఫిసియారియో’ అని ఒక గడి ఉంటుంది, లబ్ధిదారు అని. తను పోయాక ఎవరు బాగుండాలో వాళ్ళ పేరు మనిషి అందులో తన చేత్తో రాస్తాడు. అంతకన్నా ప్రేమలేఖ ఇంకేముంటుంది? ఆ గడి దగ్గరికొచ్చేసరికి ఏ దేశపు కాగితమైనా కాసేపు సాయంకాలంలా చల్లబడేది. అక్కడ గొడుగు కాస్త నెమ్మదిగా టైపు చేసేది.

కానీ గోడ మీద బీమా కంపెనీ పంపిన పదాల జాబితా ఒకటి వేలాడుతూ ఉండేది. స్పానిష్ మాట ఎదురుగా ఇంగ్లీషు మాట, దాన్ని దాటకూడదు. దాన్ని చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. ‘సినియెస్ట్రో’ అంటే అక్కడ ఇల్లు తగలబడటం, ఓడ మునగటం, మనిషి చెయ్యి యంత్రంలో పడటం. ఆ జాబితా ప్రకారం అదంతా ఇంగ్లీషులో ఒక ‘క్లెయిమ్’, అంటే అర్జీ. కాలిన ఇల్లు అర్జీ, పోయిన చెయ్యి అర్జీ. జరిగింది కాస్తా అడుక్కోవడంగా మారిపోయేది. “ఇదేం మర్యాదండీ?” అని ఆమె అడిగితే, “జాబితా తయారుచేసిన వాళ్ళకి రెండు చేతులూ ఉన్నాయమ్మా” అనేవాడు స్టాంపు మామయ్య.

ఆ వారంలోనే వెల్డరు కట్ట వచ్చింది.

వెల్డరు ఈ ఊరివాడే, రెండు వీధుల అవతల. ఓడలు బాగుచేసే పని మీద స్పానిష్ మాట్లాడే ఒక రేవుకి వెళ్ళాడు. ఓడ స్తంభం మీద పని చేస్తూ పడి చనిపోయాడు. కట్టలో మూడు కాగితాలున్నాయి. ఒకటి పాలసీ. లబ్ధిదారు గడిలో భార్య పేరు, దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో కూతురి పేరు. రెండోది ప్రమాదం మీద యాజమాన్యం మూడు రోజుల తర్వాత టైపు కొట్టించిన నివేదిక. అది విప్పితే తలుపులు మూసిన గదిలోని కదలని వెచ్చదనం వచ్చింది, ఎవరిదో సెంటు వాసనతో. ఆ రోజు వాతావరణం ప్రశాంతంగా ఉందని, వెల్డరు చెప్పినమాట వినకుండా తనంతట తానే బెల్టు వదులు చేసుకున్నాడని, తప్పంతా అతనిదేనని అందులో ఉంది.

మూడోది ఆ పొద్దున ఇచ్చిన పని అనుమతి పత్రం. మామూలు అచ్చు ఫారం. అచ్చాఫీసు ఉక్కే వస్తుందనుకుని గొడుగు నిర్లక్ష్యంగా విప్పింది.

గాలి ఆమె కుర్చీని గోడదాకా నెట్టేసింది. జాబితా మేకు మీంచి ఊడి మేనేజరు గదిలోకి ఎగిరిపోయింది. ఉప్పగా, హోరున, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేలాంటి గాలి. గొడుగు రెండు చేతులతో కాగితం అణచిపట్టి చూసింది. ఫారం కుడి అంచులో పెన్సిలుతో నిలువుగా అయిదు వరుసలు రాసున్నాయి. రేవు భద్రతాధికారి రాతవి, పైన గంట, నిమిషం, కింద సంతకం. ఓడ డెక్కు మీద గొంతుకూర్చుని, కాగితం మోకాలి మీద ఆనించి రాసుంటాడు. అయినా ఎంత చక్కటి దస్తూరీ. ఒక్కో అక్షరం నావలా తల ఎత్తుకుని ఉంది. ఇంత నిజాయితీగా రాసే మనిషి ఎలా ఉంటాడో అని ఆమె ఒక నిమిషం కలగంది కూడా. తర్వాత చదివింది. ఒక్కసారి చదివితే చాలు, అంతా తెలిసిపోయింది. తప్పు వెల్డరుది కాదు.

ఆమె ఇంగ్లీషులో మొదటి మాట కొట్టేలోపే మేనేజరు గదిలోంచి వచ్చాడు. ఒక చేతిలో ఎగిరొచ్చిన జాబితా, ఇంకో చేతిలో కంపెనీ పంపిన చీటీ.

“అంచుల్లో చేతిరాతలు అక్కర్లేదట. చదవడానికి వీలుకాని చేతిరాత అని బ్రాకెట్లలో పెట్టెయ్.”

“చదవడానికి వీలవుతోందండీ.”

“ఎవరికి?”

“నాకు.”

“నిన్నెవరడిగారమ్మా?” మేనేజరు గొంతు పెంచే మనిషి కాదు, అదే బాధ. “మన పనిలో సగం ఆ కంపెనీదే. ఆ సగం పోతే ఈ నాలుగు బల్లల్లో రెండు తీసెయ్యాలి. మామయ్యకి ఈ వయసులో వేరే ఉద్యోగం ఎవడిస్తాడు? మనం అనువాదకులం. సాక్షులం కాదు.”

అనువాదకులు ఆ మాట రోజూ వాడతారు. టీ మరక కింద మాట పోయినప్పుడు, డాక్టరు వంకరగా గీకినప్పుడు, ‘చదవడానికి వీలుకాని చేతిరాత’ అని బ్రాకెట్లలో రాస్తారు. అది వాళ్ళ నిజాయితీ. తెలియంది తెలియదని చెప్పడం. ఆ నిజాయితీనే తీసుకొచ్చి అబద్ధానికి మూతగా పెట్టమంటున్నాడు. గొడుగుకి మొహం వేడెక్కింది. ఇంటద్దె గుర్తొచ్చింది. మామయ్య బల్ల వైపు చూసింది. అతను తల వంచుకుని స్టాంపుకి సిరా రాసుకుంటున్నాడు, అప్పటికే రాసున్న స్టాంపుకి.

ఆమె బ్రాకెట్లు పెట్టింది.

బ్రాకెట్లు మూసుకోగానే కాగితం మీద గాలి ఆగిపోయింది.

ఆ ఆఫీసులో పద్ధతేమిటంటే, అనువాదం అయ్యాక మామయ్య స్పానిష్ పైకి చదువుతాడు, రాసినవాళ్ళు ఇంగ్లీషు మీద వేలు పెట్టుకుని వరుస తప్పకుండా వెంట వెళ్తారు. ఇద్దరూ చివరికి ఒకేసారి చేరితేనే ‘ఇది సత్యమైన, సంపూర్ణమైన అనువాదం’ అన్న పేజీ మీద సంతకం, స్టాంపు. ఆ రోజు మామయ్య అంచు దగ్గరికొచ్చి ఆగాడు. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. వాటిని తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఇక్కడ నాకు కళ్ళు ఆనట్లేదే” అన్నాడు.

“అవునండీ” అంది గొడుగు.

స్టాంపు పడింది.

అనువదించకుండా వదిలేసిన వాక్యం తాలూకు వాతావరణం కాగితంలో ఉండదు. వదిలేసిన మనిషిని పట్టుకుంటుంది. ఆ వృత్తిలో అందరికీ తెలిసిందే. పాత అనువాదకులకి జలుబు ఓ పట్టాన తగ్గదు, అందుకే. తుంపరో, పొగమంచో అయితే రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇది పోలేదు. బస్సులో కండక్టరు ఆమె పక్క కిటికీ మూశాడు, వెనక కిటికీ మూశాడు, “ఎవరో ఆఫీసు గాలి ఎక్కించారు” అని సణుక్కుంటూ ముందుకెళ్ళాడు. ఇంట్లో అమ్మ ఆరేసిన బట్టలు మూడుసార్లు ఏరుకొచ్చింది.

“ఏంటే ఈ హోరు? ఫ్యాను తీసి అటక మీద పెట్టెయ్యమంటావా?”

“పని ఎక్కువగా ఉందమ్మా.”

“పని ఎక్కువైతే చెమట పడుతుంది. గాలి కొట్టదు. ఏం వదిలేశావు?”

గొడుగు ఏరుకొచ్చిన బట్టలు మడత పెట్టసాగింది. అమ్మ బజారుకెళ్ళి బట్టలకి పెట్టే పిన్నులు ఇంకో డజను కొనుక్కొచ్చింది.

నెల తిరక్కుండానే వెల్డరు భార్య ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చేతిలో కంపెనీ తిరస్కరణ లేఖ, దానితో జతచేసిన ఇంగ్లీషు అనువాదం. అనువాదం చివరన ఆఫీసు స్టాంపు చూసి, చిరునామా వెతుక్కుంటూ వచ్చింది.

“సొంత నిర్లక్ష్యం అని రాశారండీ” అంది, ఎవరి బల్ల దగ్గర నిలబడాలో తెలియక గది మధ్యలో నిలబడి. “పైసా రాదన్నారు. అది సరే. మా పిల్ల బళ్ళో అడుగుతున్నారట, మీ నాన్న బెల్టు పెట్టుకోకుండా ఎక్కాడంట కదా అని. ఆయన సైకిలెక్కితే కూడా ప్యాంటుకి క్లిప్పు పెట్టుకునే మనిషండీ.”

ఆమె లేఖ కిందనుంచి అనువాదం పైకి తీసింది.

“ఇక్కడ చూడండి. చదవడానికి వీలుకాని చేతిరాత అని ఉంది. ఏదో రాశారు కదా? ఎంత గజిబిజిగా ఉంటే మాత్రం ఒక్క మాటైనా తెలియదా? ఆ అసలు కాగితం నాకోసారి చూపిస్తే, అక్షరం అక్షరం గీసుకుని ఎవర్నైనా అడుగుతాను.”

మేనేజరు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. “అసలు కాగితం కంపెనీదమ్మా. మేం చూపించకూడదు. మీరు అప్పీలుకి వెళ్ళండి.” ఎంత మెత్తగా చెప్పాడో. ఆ మెత్తదనానికి గొడుగుకి గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. తను కూడా అంత మెత్తగానే కూర్చుని ఉంది.

గాలి గొడుగు ఒంటి మీంచి లేచి వెల్డరు భార్య జుట్టు కదిపింది. ఆమె నీళ్ళు తాగడం ఆపింది. ముఖం పక్కకి తిప్పి, చెవి ఒగ్గి విన్నది.

“ఇదే గాలి” అంది నెమ్మదిగా. “ఆఖరి రోజు ఫోను చేసినప్పుడు ఇదే. హలో హలో అంటున్నాను, హోరు తప్ప ఏమీ లేదు. ఇంత గాలిలో పైకెక్కొద్దని చెప్పాను. వినపడిందో లేదో.”

ఎవరిదీ గాలి అని మాత్రం ఆమె అడగలేదు. ఈ ఆఫీసులో ఏదో ఒక కట్టది అనుకుని ఉంటుంది. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, లేఖ మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. ఆమె దిగుతుంటే గొడుగు కుర్చీలోంచి సగం లేచింది. ఆ సగం దగ్గరే ఉండిపోయింది. తన మీద తనకి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

అప్పీలు విచారణకి అనువాదకురాలిని రమ్మని కాగితం వచ్చింది. మేనేజరు మెట్ల మీద, రోడ్డు మీద, ఆటోలో పాఠం చెబుతూనే ఉన్నాడు.

“ఇది మీ సంతకమేనా అని అడుగుతారు. అవునండీ అనాలి. అంతే. ఒక్క మాట.”

“ఇంకేమైనా అడిగితే?”

“అడగరు. వాళ్ళకి స్పానిష్ రాదు. వస్తే మనమెందుకు?” కాస్త ఆగి, మెల్లగా అన్నాడు. “చూడు, ఇప్పుడు వేరే మాట చెబితే తప్పుడు ప్రమాణం కింద నీ అనువాదకురాలి కార్డు పోతుంది. కేసు కూడా అవుతుంది. నీ మంచికే చెబుతున్నాను.”

అతను చెప్పేది నిజమే. అందుకే ఇంకా మంటగా ఉంది.

విచారణ గదికి ఎత్తయిన కిటికీలు. అన్నీ మూసే ఉన్నాయి. బల్ల వెనక విచారణాధికారి, నెరిసిన జుట్టావిడ. కుడివైపు కంపెనీ వకీలు. ఎడమవైపు వెల్డరు భార్య, పక్కన ఎవరూ లేరు. వెనక బెంచీ మీద మేనేజరు, స్టాంపు మామయ్య. వకీలు లేచి అనువాదం చదివాడు. ప్రశాంతమైన వాతావరణమట. తేలికపాటి గాలట. పనివాడు తనంతట తానే బెల్టు వదులు చేసుకున్నాడట. ఆ గొంతులో ఒక్క జీరయినా లేదు. కిందటి నెల వంటగది గోడకి సున్నం వేయించిన సంగతి చెబుతున్నట్టు ఉంది.

“అనువాదకురాలు?”

గొడుగు లేచింది. ఆమెతోపాటు గాలీ లేచింది. వకీలు చేతిలో కాగితాలు రెపరెపలాడాయి.

“ఇది మీ సంతకమేనా?”

“అవునండీ.”

“సరే, కూర్చోండి.”

అయిపోయింది. అంత తేలిగ్గా అయిపోయింది. అధికారి తిరస్కరణ ఉత్తర్వు ముందుకు లాక్కుని కలం మూత తీసింది. వెల్డరు భార్య ఆ కలం వైపే చూస్తోంది. ఏడవటం లేదు, అరవటం లేదు, తనకి ఏం చేయాలో ఇంకా ఎవరో చెబుతారన్నట్టు చూస్తోంది.

గొడుగు కూర్చోలేదు. గాలి ఆమె మోకాళ్ళ దగ్గర్నుంచి తిరుగుతూ పైకి వచ్చి బల్లమీదికి వెళ్ళింది. సంతకం పెట్టబోతున్న కాగితం అధికారి వేళ్ళ కిందనుంచి జారి, గది మీదుగా ఎగిరి, ఎత్తయిన కిటికీ ఊచలకి అతుక్కుపోయింది. గుమాస్తా కుర్చీ ఎక్కినా అందలేదు. బల్ల ఎక్కాడు. వేలు తగిలేసరికి ఇంకో ఊచకి పోయింది.

“కిటికీలు మూసే ఉన్నాయి కదా?” అంది అధికారి.

“ఉన్నాయండీ.”

“కట్ట మూసెయ్యండి.”

గుమాస్తా కట్ట మూసి తాడు కట్టాడు. గాలి ఆగలేదు. అధికారి ఇలాంటివి చాలా చూసిన మనిషి. కలం కింద పెట్టి గొడుగు వైపు చూసింది. కోపంగా కాదు, వైద్యుడు నాడి చూసినట్టు.

“అమ్మాయ్, ఈ గాలి కట్టది కాదు. మీ దగ్గర ఏదో మిగిలిపోయింది. ఏ కాగితానిది?”

వెనక మేనేజరు దగ్గాడు. దగ్గు ఆపాడు, మళ్ళీ దగ్గాడు. వకీలు లేచి, “దానికీ ఈ విచారణకీ సంబంధం లేదండీ” అన్నాడు. వెల్డరు భార్య మొదటిసారి తల తిప్పి గొడుగు వైపు చూసింది. గాలి ఎవరినుంచి వస్తోందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఆ కళ్ళలో తిట్టు ఉంటుందనుకుంది గొడుగు. తిట్టు లేదు. ఆఖరి రోజు ఫోనులో వినపడని మాట కోసం చెవి ఒగ్గినప్పటి ముఖం అలాగే ఉంది.

కార్డు గుర్తొచ్చింది. అద్దె గుర్తొచ్చింది. అమ్మ కొన్న పిన్నులు గుర్తొచ్చాయి. వెనకనుంచి మామయ్య గొంతు, చాలా చిన్నగా, “చెప్పెయ్యవే తల్లీ. నేనూ చదివాను” అంది.

గొడుగు బెంచీ అంచు పట్టుకుంది.

“పని అనుమతి పత్రం అంచులోదండీ. ఇలా ఉంది. ‘పదీ ఇరవై. గాలి హద్దు దాటింది. పని ఆపమని మేస్త్రీకి రెండుసార్లు చెప్పాను, వినలేదు. పైనున్న వెల్డరు బెల్టు బిగించుకునే ఉన్నాడు, దిగుతానని చెయ్యి ఊపుతున్నాడు. దిగొద్దని మేస్త్రీ ఆజ్ఞ. నేను ఒప్పుకోవటం లేదని ఇక్కడే రాస్తున్నాను.’”

గదిలో కాగితాలన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. గుమాస్తా బల్ల మీదే నిలబడి ఉన్నాడు. అధికారి అతన్ని దిగి రాసుకోమని సైగ చేసి, అనువాదంలోని ఆ పేజీ తీసి, బ్రాకెట్ల మీద వేలు పెట్టింది.

“మరి ఇక్కడ చదవడానికి వీలుకాని చేతిరాత అని ఉంది.”

“అంత స్పష్టమైన చేతిరాత నేనెప్పుడూ చూడలేదండీ” అంది గొడుగు. అధికారితో కాదు, వెల్డరు భార్యతో. “చదవలేనిదని రాసింది నేనే. చదివాకే రాశాను.”